వరంగల్ లాడ్జి నుంచి నిజాంసాగర్ బంగళా దాకా

శుక్రవారం, వరంగల్

పాత లాడ్జీలు, పాత బంగళాలు, సత్రాలు అంటే నాకున్న మోజును మా ఇంట్లో ఎవరూ మెచ్చరు. హనుమకొండలో బావమరిది ఇల్లుండగా వరంగల్ స్టేషను దగ్గర లాడ్జిలో దిగుతానంటే మా ఆవిడ ముఖం ముడుచుకుంది. "మా తమ్ముడు ఏమనుకుంటాడు?" అంది. వాడు అనుకోవలసిందంతా ఫోనులోనే అనేశాడు. చివరికి ఒక రాజీ కుదిరింది: రాత్రి పడక లాడ్జిలో, పొద్దున టిఫిను వాళ్లింట్లో, అక్కడి నుంచి వాడి కారులో ప్రయాణం. బావమరిది సివిల్ కాంట్రాక్టరు. పాత గోడ కనిపిస్తే గోటితో గీకి చూడనిదే ముందుకు కదలడు కాబట్టి ఈ యాత్రకు తగిన తోడే.

రైలు జనగామ దాటుతుంటే కడవెండి గుర్తుకొచ్చింది. 1946 జూలై 4న విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన తుపాకీ గుండుకు, తెలంగాణ రైతాంగ పోరాటంలో తొలి అమరుడు దొడ్డి కొమురయ్య నేలకొరిగిన ఊరు అది. రేపు నేను చూడబోయేది కూడా ఒక గడీనే, అంటే దొరల కోటలాంటి ఇల్లు. ఈ ప్రాంతంలో గడీ మాట వినగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది నగిషీ పని కాదు, వెట్టిచాకిరి. ఆ సంగతి మరిచిపోయి కమానులను మెచ్చుకుంటూ తిరగడం నాకు చేతకాదు.

నేను దిగిన లాడ్జి పేరు చెప్పను. చెబితే అది బాగాలేదని నా మీదికి వచ్చేవాళ్లే ఎక్కువ. స్టేషను నుంచి నడిచి వెళ్లేంత దూరం. కింద వరుసగా దుకాణాలు, వాటి మధ్య సందులాంటి ద్వారం, లోపల రాతిమెట్లు. పైకి వెళితే నలుచదరపు నడిమి వాకిలి, దాని చుట్టూ వరండా, వరండాలోకి తెరుచుకునే గదులు. పల్లెల్లోని పాత భవంతి ఇళ్ల ప్లానునే మేడ మీదికి ఎక్కించి, గదికో తాళం వేసి అద్దెకిచ్చినట్టుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న పెద్దాయన దీన్ని నిజాం జమానా చివర్లో కట్టారని చెప్పాడు.

కట్టినవాళ్ల లెక్క అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. సికింద్రాబాద్ నుంచి వచ్చిన రైలుమార్గం 1889లో బెజవాడను కలిపింది. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తవడంతో దిల్లీ–మద్రాసు దారి ఈ ఊరి మీదుగా పడింది. 1934లో ఆజంజాహీ మిల్లు వచ్చింది. పత్తి కొనేవాళ్లు, మిల్లుకు సరుకులు అమ్మేవాళ్లు, కోర్టు పనుల మీద వచ్చేవాళ్లు, మిర్చి బస్తాల లెక్క తేలేదాకా ఊరు కదల్లేని రైతులు... వీళ్లందరికీ రాత్రికి ఒక మంచం కావాలి. ఇక్కడ లాడ్జి కట్టినవాడు యాత్రికుల కోసం కట్టలేదు, బేరగాళ్ల కోసం కట్టాడు. అందుకే కిటికీలు వీధి వైపు చిన్నవిగా, వాకిలి వైపు పెద్దవిగా ఉన్నాయి. వ్యాపారికి వీధి అందం అక్కర్లేదు, రాత్రి గాలి వస్తే చాలు.

గదిలో మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు చూడటం నాకు ఇష్టమైన పని. ఇది గర్డర్ల కప్పు. రెండేసి అడుగుల ఎడంతో ఇనుప గర్డర్లు పరిచి, వాటి మధ్య ఇటుకలను చిన్నచిన్న కమానులుగా పేర్చి, పైన గచ్చు దట్టించారు. స్లాబులు రాకముందు ఈ ప్రాంతంలో ఆఫీసులు, బళ్లు, ఆసుపత్రులు చాలా వాటికి ఇదే కప్పు. ఒక గర్డరు పక్కన ఉబ్బెత్తు అక్షరాలు కనిపించాయి. ఏ ఇనుప కర్మాగారం ముద్రో చదవాలని కుర్చీ ఎక్కాను కానీ, ఏళ్ల తరబడి వేసిన రంగు పొరల కింద ఒక్క అక్షరమూ పోల్చుకోలేకపోయాను. గోడకు పైన, కప్పుకు జానెడు కింద, తాడు లాగితే తెరుచుకునే వెంటిలేటర్లు. తాళ్లు ఎప్పుడో పోయాయి. గదిలో వేడి పైకి చేరి అక్కడి నుంచి బయటికి పోవాలి. ఇప్పుడు వాటికి అట్టముక్కలు అడ్డం పెట్టి, కిటికీలో కూలరు బిగించారు.

కింది సగం గోడ సంగతి ఇంకా విచారం. మెరిసే ప్లాస్టిక్ రంగు బుడగలు బుడగలుగా లేచి ఉంది. చేయి ఆనిస్తే తెల్లటి పొడి రాలింది. చవుడు. పెద్దాయనను అడిగితే, "ఏటా రంగు వేయిస్తూనే ఉన్నాం సార్. ఏటా ఊడుతూనే ఉంది" అన్నాడు. రంగు వేయించడమే జబ్బని ఆయనకు ఎలా చెప్పాలో తోచలేదు.

సాయంత్రం చౌరస్తా దాకా నడిచి మండీబజారులో తిరిగాను. ఓరుగల్లులో బాటసారులకు భోజనం పెట్టే చోట్ల గురించి మనకు దొరికే సాక్ష్యం ఏ శాసనంలోనో కాదు, క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంలో ఉంది. అందులో మంచన శర్మ, టిట్టిభ సెట్టి కలిసి కాకతీయుల రాజధానిలో వీధి వీధీ తిరుగుతారు. ఆకలేసి లక్ష్మణవజ్ఝల ఇంటి ముచ్చట ఎత్తుకుంటారు. పూటకూళ్ల ఇల్లన్నమాట. కప్పురభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు రకాల నంజుళ్లు, గడ్డపెరుగు. ధర ఒక రూక. ధరతో సహా వంటకాల పట్టీ చెప్పిన ఆ పద్యం చదివినప్పుడల్లా కవిగారు అక్కడ తినే రాశారని నాకు గట్టి నమ్మకం. కోటలో రాతి తోరణాలు మిగిలాయి, ఆ వంటిల్లు మిగల్లేదు. మట్టి గోడలు, తాటాకు కప్పు అయి ఉంటుంది. ఊళ్లో ఎక్కువమంది వాడుకున్న కట్టడాలే అన్నిటికన్నా ముందు మాయమవుతాయి.

శనివారం, దోమకొండ దారి

బావమరిది ఇంట్లో ఇడ్లీలు, పొడి, చెల్లెమ్మ ఆదరణ, "రాత్రి నల్లులు కుట్టలేదా అన్నయ్యా?" అనే పరామర్శ. కుట్టలేదు.

బయలుదేరే ముందు సుబేదారి వైపు కారు తిప్పించాను. నిజాం రాజ్యంలో సుబా అంటే కొన్ని జిల్లాల విభాగం, దాని పెద్ద అధికారి సుబేదారు. ఆయన కార్యాలయం ఉన్న చోటికే ఆ పేరు నిలిచిపోయింది. అక్కడి పాత కలెక్టరు బంగళాకు 1886 ఆగస్టు 10న జార్జ్ పామర్ అనే ఆయన భార్య శంకుస్థాపన చేశారు. వందేళ్లకు పైగా అధికారులు వస్తూ పోతూ ఉన్నారు. ఇక్కడ పనిచేసిన ఒక కలెక్టరు, మేడ మీది గదిలో దెయ్యం ఉందని విని అక్కడ పడుకోవడానికి భయపడ్డానని టీవీ ముఖాముఖిలో నవ్వుతూ చెప్పడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. దెయ్యం సంగతేమో గానీ, ఆ భవనానికి మేలు చేసింది అందులో ఎప్పుడూ ఎవరో ఒకరు కాపురం ఉండటమే. వాన పడితే ఏ మూల కారుతోందో ఆ రాత్రే తెలుస్తుంది. తెల్లారి మనిషిని పిలిపిస్తారు. తాళం వేసిన ఇంటికి ఆ భాగ్యం లేదు.

కోటలో ఖుష్ మహల్‌ను చూసి వద్దామంటే బావమరిది గడియారం చూపించాడు. అరగంట బేరమాడాను. కీర్తితోరణాలకు పడమర వైపు నిలబడిన ఆ మహలు 14వ శతాబ్దపు తుగ్లక్ పద్ధతి కట్టడం. గోడలు పైకి పోతున్నకొద్దీ లోపలికి వాలుతాయి. అడుగు వెడల్పు, తల సన్నం. లోపల అడ్డంగా వరుస కమానులు. తర్వాతి కాలంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్ దర్బారు నడిపింది ఇక్కడేనంటారు. బావమరిది గోడ వాలు వెంట తలెత్తి చూసి, "బావా, దీనికి కాలమ్ అక్కర్లేదు, గోడే కాలమ్" అన్నాడు. వాడి నోటి నుంచి వచ్చే మెప్పుదలల్లో ఇది పెద్దది.

హుజూరాబాద్, కరీంనగర్, సిరిసిల్ల. దారి బాగుంది, చెప్పడానికి ఏమీ లేదు. వేములవాడలో రాజన్న దర్శనం బయటి నుంచే. కోడె మొక్కులవాళ్ల రద్దీలో లోపలికి వెళితే సాయంత్రం అయ్యేది. గుడి చుట్టుపక్కల సత్రాలు, వసతి గదుల బోర్డులు చూస్తూ భోంచేసి కదిలాం.

దోమకొండ కామారెడ్డి జిల్లాలో ఉంది. ఊరు చిన్నది, కోట పెద్దది. మొదట రాతి ప్రహరీ, బురుజులు, చుట్టూ కందకం కనిపిస్తాయి. యుద్ధాలకు కట్టిన కోటేనేమో అనిపిస్తుంది. లోపలికి పోతే రాజ కుటుంబం కాపురమున్న మేడలు. ఒక పక్కన కాకతీయుల కాలపు మహాదేవ ఆలయం. నల్లరాతి స్తంభాల మీద పని చూస్తే ఊరు సంస్థానానికన్నా పాతదని తెలుస్తుంది. ఈ సంస్థానం కామినేని వంశానిది. 16వ శతాబ్దంలో షట్చక్రవర్తి చరిత్ర రాసిన కామినేని మల్లారెడ్డి ఈ వంశం కవే.

అందరూ చూడటానికి వచ్చేది అద్దాల మేడను. ఒకవైపు మన భవంతి లెక్కలో నడిమి వాకిలి, ఇంకోవైపు దొరల బంగళాల నుంచి తెచ్చుకున్న స్తంభాలు, కమానులు, గచ్చుతో తీర్చిన పూలు, తీగలు. హైదరాబాదులో నవాబుల దేవిడీలు చూసిన మేస్త్రీలే ఇక్కడికీ వచ్చి ఉంటారనిపించింది. ఇలాంటి కలగాపులగపు కట్టడాలను వెక్కిరించే నిపుణులు ఉన్నారు. నాకు మాత్రం నచ్చుతాయి. ఊళ్లో ఉన్న సున్నం, ఇటుక, టేకుతో ఎక్కడో చూసిన ఫ్యాషన్‌ను కట్టి చూపించిన మేస్త్రీ ధీమా అందులో కనిపిస్తుంది.

కొంతకాలం శిథిలమై, తర్వాత చాలా ఏళ్ల ఓపికతో బాగుపడిన కోట ఇది. యునెస్కో ఆసియా–పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో 2022లో దీనికి మెరిట్ అవార్డు వచ్చింది. అదే ఏడాది గోల్కొండ మెట్లబావులకూ అదే వేదిక మీద గుర్తింపు దక్కింది. ఇక్కడ బావమరిది అసలు తరగతి మొదలైంది. గోడ మీద అరచేయి ఆనించి, "ఇది ఊపిరాడే గోడ బావా" అన్నాడు.

వాడు చెప్పినది నాకు అర్థమైనంత వరకు ఇది. సున్నపురాయిని బట్టీలో కాల్చి, నీళ్లు పోసి విరగబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో రుబ్బుతారు. గుండ్రటి రాతి కాలువ, అందులో దొర్లే బండచక్రం, దాన్ని లాగే ఎడ్లు. రుబ్బే కొద్దీ సున్నం వెన్నలా దిగుతుంది. అందులో కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలుపుతారు. దీన్నే డంగు సున్నం అంటారు. సిమెంటు నీళ్లు తాగి గంటల్లో గట్టిపడుతుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొద్దికొద్దిగా పీల్చుకుని నెలలు, ఏళ్ల తరబడి మళ్లీ రాయిగా మారుతుంది. దానికి సన్నటి రంధ్రాలుంటాయి. పాత ఇళ్ల పునాదుల్లో నేల తడిని ఆపే పొర ఉండదు. కాబట్టి ఆ తడి గోడలోకి ఎక్కుతుంది. ఎక్కిన తడి సున్నపు పూతలోంచి ఆవిరై బయటికి పోతుంది. ఆ గోడకు సిమెంటు పూత గానీ, ప్లాస్టిక్ రంగు గానీ వేస్తే తడికి దారి మూసుకుపోతుంది. లోపలే నిలిచి, తనతో తెచ్చిన ఉప్పును గోడలో గడ్డకట్టిస్తుంది. ఉప్పు గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది, పూతను పగలగొడుతుంది. నిన్న రాత్రి నా వేళ్లకు అంటిన తెల్లపొడి అదే.

"మరి నువ్వు కట్టే పనుల్లో సున్నం వాడవేం?" అని అడిగాను.

"వాడితే బిల్లు ఎప్పుడు వస్తుంది బావా? పూత ఆరేలోపు గుమాస్తా మారిపోతాడు" అన్నాడు. డంగు సున్నం తెలిసిన మేస్త్రీలు ఇప్పుడు వెతికితే గానీ దొరకరనీ, దొరికినా కూలి లెక్క వేరనీ కూడా చెప్పాడు. ఇక్కడ బాగుచేసిన గోడల మూలలను, కమాను అంచులను చాలాసేపు తడిమి చూశాడు. ఒక చోట తన ఫోనులో ఫొటో కూడా తీసుకున్నాడు. దేవుడి పటాన్ని కూడా వాడు అంత శ్రద్ధగా ఫొటో తీయడు.

కోట మొత్తం తాళం వేసిన మ్యూజియం కాదు, అదే నాకు తృప్తి. వంశస్థులు వస్తుంటారు, వేడుకలు జరుగుతుంటాయి, ఊడ్చేవాళ్లు, దీపం పెట్టేవాళ్లు ఉన్నారు. గడీలను అన్నిటినీ ఇలా నిలబెట్టాలా అని అడిగితే మాత్రం నా దగ్గర ఒకటే జవాబు లేదు. పల్లెల్లో చాలా గడీలు పోరాటం రోజుల్లోనే ఖాళీ అయ్యాయి. కూలితే కూలనీ అనుకున్నవాళ్ల కోపం న్యాయమైనదే. కానీ అందులో రాయి మోసినవాళ్లు, సున్నం రుబ్బినవాళ్లు దొరలు కాదు. కూలితే వాళ్ల చేతిపని గుర్తు కూడా పోతుంది.

రాత్రి కామారెడ్డిలో కొత్త లాడ్జి. టైల్సు, తెల్లటి దుప్పటి, ఏసీ, తెరవడానికి వీల్లేని కిటికీ. హాయిగా నిద్రపట్టిందని ఒప్పుకోవాలి.

ఆదివారం, నిజాంసాగర్

ఎల్లారెడ్డి మీదుగా నిజాంసాగర్. మంజీర మీద ఈ ఆనకట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. ఆయన పుట్టినరోజు జూలై 11నే తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం. నీళ్ల కింద నలభై దాకా ఊళ్లు మునిగాయి, కిందనేమో లక్షల ఎకరాలు తడిశాయి. బోధన్‌లో 1937లో వచ్చిన చక్కెర కర్మాగారానికి చెరకు పండించింది ఈ నీళ్లే. మొదట్లో 29 టీఎంసీలకు పైగా పట్టిన జలాశయంలో పూడిక చేరి, ఇప్పుడు 17 టీఎంసీల చిల్లర మాత్రమే పడుతుంది. ఆనకట్ట మీద రోడ్డుంది. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క పొలాల పచ్చదనం. మధ్యలో నిలబడితే గాలికి టోపీ నిలవదు.

నేను చూడాలనుకున్నది అక్కడి పాత అతిథి బంగళాలను. అంత పెద్ద పని జరిగేటప్పుడు ఇంజనీర్లు మకాం ఉండాలి, రాజధాని నుంచి వచ్చే పెద్దలు దిగాలి. ఎక్కడ గాలి బాగా వస్తుందో, ఎక్కడి నుంచి నీళ్లు బాగా కనిపిస్తాయో వెతికి మరీ స్థలాలు ఎంచుకున్నారు. ఇలాంటి బంగళాలకు ఒక లెక్క ఉండేది: ముందు లోతైన వరండా, మధ్యలో ఎత్తయిన హాలు, అటూ ఇటూ పడకగదులు, ఒక్కొక్క పడకగదికి బయటి నుంచి ప్రత్యేక తలుపుతో స్నానాల గది, వంటిల్లు మాత్రం దూరంగా వేరే కప్పు కింద. పొగ, వాసన, మంటల భయం అతిథుల దాకా రాకుండా. వండిన గిన్నెలు మూసుకుని ఎండలో వానలో అటూ ఇటూ పరుగెత్తిన మనుషుల గురించి ఆ ప్లాను గీసినవాళ్లు ఎక్కువగా ఆలోచించి ఉండరు.

మేము వెళ్లిన బంగళాకు తలుపులు లేవు. కిటికీ చట్రాలు పీక్కుపోయారు. హాలులో కప్పు ఒక మూల కూలి, ఆకాశం కనిపిస్తోంది. కూలిన చోట గర్డరు అంచు పొరలు పొరలుగా తుప్పు లేచి, రెండింతల మందమైంది. ఇనుము తుప్పుపడితే ఉబ్బుతుంది, ఉబ్బి తన మీద ఆనిన ఇటుక కమానును తానే విరుస్తుంది. గోడ పైభాగాన ఒక రావిచెట్టు మొలిచి, వేళ్లు సున్నపు అతుకుల వెంట నేలదాకా దిగాయి. కింద నేల మాత్రం ఇంకా గట్టిగా ఉంది. రాళ్ల మధ్య అతుకులు సూది దూరనంత సన్నం.

మేకలు తోలుకుపోతున్న ఒకాయన ఆగాడు. "గవర్నమెంటోళ్లా?" అని అడిగాడు. కాదన్నాం. తన చిన్నప్పుడు ఇక్కడ తోటమాలి ఉండేవాడని, జీపులు వచ్చేవని, సెలవుల్లో జనం గదుల కోసం చీటీలు రాయించుకుని వచ్చేవారని చెప్పాడు. తర్వాత ఎవరూ రావడం మానేశారట. "మనుషులు పోయినాక తలుపులు పోయినై, తలుపులు పోయినాక కప్పు పోయింది" అని వరస చెప్పి మేకల వెంట వెళ్లిపోయాడు. ఇంజనీరింగ్ పుస్తకంలో కూడా ఇంత సరైన క్రమం ఉండదని బావమరిది అన్నాడు.

అప్పటి నుంచి వాడు ఆ బంగళాను మనసులో బాగుచేయడం మొదలుపెట్టాడు. ఆనకట్ట పక్కన పాకలో వేయించిన మంజీర చేపలు, జొన్నరొట్టెలు తింటున్నంతసేపూ అదే ధ్యాస. రావిచెట్టును పీకకూడదట. పీకితే వేళ్లు పట్టుకున్న గోడ కూడా వెంట వస్తుంది. కాండం కోసి, మోడుకు మందు పట్టించి, వేళ్లు చచ్చి ఎండేదాకా ఆగి, ఆ సందుల్లోకి పలుచటి సున్నం పోయాలి. గర్డర్లలో తుప్పు పైపైనే ఉన్నవాటిని గీకి, రంగు వేసి నిలబెట్టవచ్చు. లోపలిదాకా తిన్నవాటిని మార్చాలి. మార్చేటప్పుడు కింద మోపులు పెట్టకపోతే పక్క కమానులు కూడా దిగుతాయి. తలుపులు, కిటికీలు టేకువే కావాలని పట్టుబట్టనక్కర్లేదు, వేప చాలు. నాలుగు గదులు, ఒక వంటవాడు, రాత్రి కాపలా మనిషి.

"గదికి ఎంత తీసుకుంటావు?" అన్నాను.

"శని, ఆదివారాల్లో రెండు వేల అయిదు వందలు. మిగతా రోజుల్లో పదిహేను వందలు. పాత కస్టమర్లకు తగ్గింపు" అని చెయ్యి కడుక్కుని లేచాడు. పిట్లం దాటి హైదరాబాద్ రోడ్డు ఎక్కేదాకా మాకు ఎడతెగని వాదన ఒక్కటే: గదుల్లో ఏసీ పెట్టాలా, వద్దా. వాడు పెట్టాలంటాడు. వెంటిలేటర్లకు తాళ్లు కట్టిస్తే చాలని నేను.